మెంబర్ సాబ్ మొదటి పాఠం

మా ఆయనకు తెలుగు చదవడం రాదన్న సంగతి హైదరాబాదు మొత్తంలో నా ఒక్కదానికే తెలుసు.

అదేమంత దాచుకోవాల్సిన సంగతా అని ఇప్పటివాళ్లకు అనిపించవచ్చు. ఆ రోజుల్లో నాంపల్లిలోగాని ఆబిద్‌షాపులోగాని షేర్వానీ తొడుక్కుని తిరిగే మన పెద్దమనుషుల్లో చాలామందికి తెలుగు అక్షరం ముక్క రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. బళ్లో ఉర్దూ ఫార్సీ, అదాలత్‌లో ఉర్దూ, దుకాణం బోర్డు ఉర్దూ. ఎవరికీ ఏ లోటూ తెలిసేది కాదు. కాని మా ఆయన సంగతి వేరు. ఆయన వకీళ్ల తరఫున శాసనాలు చేసే కౌన్సిల్‌కు ఎన్నికైన మెంబరు. కౌన్సిల్ కూర్చున్న ప్రతిసారీ లేచి, మా పిల్లలకు మా తెలుగులో చదువు చెప్పించండి అని సర్కారును అడిగేది ఆ మహానుభావుడే. ఏళ్ల తరబడి అదే పాట పాడీ పాడీ "చదువుల వామన్‌రావు" అని పేరు కూడా పడిపోయింది. అంతటి మనిషికి అ ఆలు రావని తెలిస్తే ఊరు ఊరుకుంటుందా?

అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున ఆయన పీట మీద కూర్చుని తింటూ ఉంటే, నేను ఎదురుగా కూర్చుని తెలుగు పత్రిక చదివి వినిపించేదాన్ని. తెలుగులో వచ్చిన ఉత్తరాలు, అర్జీలు కూడా అప్పుడే. అన్నీ విని బుర్రలో పెట్టుకుని, కౌన్సిల్‌లో తారీఖులతో సహా అప్పజెప్పేవారు. ఆయన జూనియరు శ్యామ్‌సుందర్ ఎప్పుడైనా ఆ వేళకు వస్తే, "వదినమ్మ గొంతు వినంది మా అన్నకు ముద్ద దిగదు" అని పరాచికాలాడేవాడు. ఆయన మీసాల్లో నవ్వుకునేవారు. నేనూ నవ్వేదాన్ని. ఏం చేస్తాను మరి.

పీట పక్కన ఎప్పుడూ ఒక పాత ఇత్తడి చెంబు ఉండేది. మా ఇళ్లల్లో గిన్నెలన్నిటి మీదా ఎవరిదో ఒకరి పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది గదా, దాని మెడ కిందా ఉంది. చిన్నపిల్లవాడిగా భువనగిరి దగ్గరి పల్లె నుంచి చాదర్‌ఘాట్‌లో మేనమామ ఇంటికి చదువుకు వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న చెంబట. అదాలత్‌కు పోయినా, కౌన్సిల్‌కు పోయినా నీళ్లు దానిలోనే. పనిమనిషి కిష్టవ్వ చేతికిస్తే సొట్ట పెడుతుందని భయం. చింతపండు వేసి నేనే తోమేదాన్ని.

నేను చెప్పేది పెద్ద యుద్ధం నడుస్తున్నప్పటి ఎండకాలం. పంతొమ్మిది వందల నలభైమూడు. బజార్లో కిరసనాయిలు లేదు, బియ్యం రేషను, ఎండ మాత్రం రేషను లేకుండా కాసింది.

అప్పటికి రెండేళ్లుగా మా ఇంటి ముందు హాలు, దివాన్‌ఖానాలో ఆడపిల్లల బడి నడుస్తోంది. నేను మెదక్‌లో మిషన్ బళ్లో చదువుకున్నదాన్ని. నాతో పాటు ఆ బళ్లోనే చదివిన జ్ఞానమణి పెళ్లి చేసుకుని చాపెల్ రోడ్డులో కాపురం పెట్టింది. ఇద్దరం ఒకనాడు ఆబిద్‌షాపులో గుడ్డల దుకాణం ముందర ఎదురుపడి, అక్కడే నిలబడి మాట్లాడుకుని, బడి పెడదామని అనుకున్నాం. మాకు పిల్లలు లేరు. ముగ్గురు పుట్టి పోయారు. ఆ బడి మొదలైన తర్వాతే మా ఇంట్లో మళ్లీ పిల్లల చప్పుడు వినిపించింది. అది లేకపోతే నాకు ఏమయ్యేదో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

చిక్కల్లా ఏమిటంటే, సొంతంగా బడి పెట్టాలంటే తాలీమాత్ మహకమా, అంటే సర్కారు చదువుల శాఖ, ఇజాజత్ కావాలి. తెలుగు బడికి ఆ అనుమతి అంత తేలిగ్గా రాదు. మొదటి ఏడాది ఎవరైనా అడిగితే పిల్లలకు భజనలు నేర్పుతున్నామని చెప్పేవాళ్లం. జ్ఞానమణి క్రైస్తవురాలాయె, భజన మాట వచ్చినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. కాని బడి పేరు పాకింది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీల నుంచి, అటు ఖైరతాబాద్ దారి నుంచి కూడా పిల్లలు రావడం మొదలుపెట్టారు. ఆ ఎండకాలం మొదట్లో మహకమా నుంచి కాగితం వచ్చింది. ఇన్స్పెక్టర్ వచ్చి చూస్తాడు, ఇజాజత్ ఇస్తే సరి, లేదంటే వానలు పడేలోగా మూసెయ్యాలి.

అదే ఎండకాలంలో కౌన్సిల్ కూడా కూర్చోబోతోంది. మొదటి నాలుగు జమాతుల చదువు పిల్లల తల్లిభాషలోనే చెప్పాలని మా ఆయన ఒక తీర్మానం పెట్టారు. ఇన్నేళ్లూ సవాళ్లు, అంటే ప్రశ్నలు, వేయడమే గాని తీర్మానం దాకా రావడం అదే మొదలు. ఇంట్లో పడుకున్నా కూర్చున్నా దాని గురించే.

ఇన్స్పెక్టర్ వచ్చే రోజున బడి వార్షికోత్సవం కూడా చేద్దామని జ్ఞానమణి అన్నది. అంతవరకు బాగానే ఉంది. పిల్లలకు కొత్త మొదటి వాచకాలు పంచుతున్నాం గనుక, మెంబర్ సాబ్ లేచి అందులో మొదటి పాఠం చదివి పిల్లలకు అందిస్తే ముచ్చటగా ఉంటుందని కూడా అన్నది. పాపం ఆవిడకేం తెలుసు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. నేను సరేనని ఇంట్లోకి వచ్చి ఆయనకు చెప్పాను.

"గంతేనా. నువ్వు చెప్పు, నేను బట్టీ పడత" అన్నారు.

"బట్టీ ఎందుకు, అక్షరాలే నేర్చుకోన్రి. ఇంకా పదిహేను రోజులున్నయి. నేను నేర్పుత."

"ఈ వయసుల బలపం పట్టమంటవా? ఎవరన్న చూస్తే ఏమైతది?"

ఇంకేం మాట్లాడతాను. వేల కొద్దీ ఫార్సీ బైతులు, పద్యాలు నోటికి వచ్చిన మనిషి, ఒక వాచకం పాఠం ఒక లెక్కా అన్నట్టు ఉంది ఆయన వరస. సాయంత్రాలు డాబా మీద నీళ్లు చల్లి మంచాలు వేసుకుని నేను చెప్పేదాన్ని, ఆయన పచార్లు చేస్తూ వల్లించేవారు. "ఇది మా ఆవు. మా ఆవు తెల్లని ఆవు. ఆవు పచ్చిగడ్డి తినును." అంతే పాఠం, ఇంకో నాలుగు మాటలు. ఆయన దాన్ని ముషాయిరాలో చదివినట్టు చదివేవారు. తెల్లని ఆవు అన్నప్పుడు చెయ్యి పైకి లేచేది. కింద గల్లీలో పోయేవాళ్లు ఆగి వినేవారు. నేను నవ్వలేక చచ్చేదాన్ని. రెండో నాటికే పాఠం మొత్తం వచ్చేసింది. పాలు ఇచ్చును అన్నచోట పేజీ తిప్పాలని కూడా చెప్పాను. అన్నీ చెప్పాను. ఒక్కటి మాత్రం చెప్పాలని నాకు తట్టలేదు, ఆయనకు అడగాలని తట్టలేదు.

ఇన్స్పెక్టర్ పేరు ఖుర్షీద్ అలీ. పెద్ద వయసు, తెల్లని గడ్డం, చేతిలో కర్ర. దివాన్‌ఖానాలోకి వస్తూనే చెప్పులు బయట విడిచాడు, అది నాకు నచ్చింది. పిల్లల పలకలు ఒక్కొక్కటి తీసి చూశాడు. ఒక పిల్ల పలక మీద తప్పు కనిపిస్తే బలపం అడిగి తీసుకుని తానే దిద్దాడు. తెలుగులో. జ్ఞానమణీ నేనూ ముఖాలు చూసుకున్నాం.

"మాది నల్లగొండ, అమ్మా" అన్నాడు నాతో. "చిన్నప్పుడు మా గల్లీల అందరు తెలుగు మాట్లాడేటోళ్లే. వీధి బళ్లె నేను కూడ దిద్దుకున్న."

అంటే ఈయన పుస్తకంలోకి చూస్తే చదివేయగలడు. అయినా పాఠం నోటికి వచ్చు గదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

మా ఆయన లేచారు. కొత్త షేర్వానీ, తల మీద జరీ అంచు పాగా. బల్ల మీద నుంచి వాచకం చేతిలోకి తీసుకున్నారు. తీసుకుని, దాన్ని తిరగేసి, వెనక అట్ట తెరిచారు.

ఉర్దూ పుస్తకం మన పుస్తకం అయిపోయే చోట మొదలవుతుంది. నలభై ఏళ్లుగా ఆయన తెరిచిన ప్రతి పుస్తకమూ అట్లాగే తెరిచారు. చెయ్యి దాని అలవాటున అది పోయింది. వాచకంలో ఆఖరి పాఠం ఒత్తుల పాఠం. పేజీ నిండా కిక్కిరిసిన ఒత్తులు. దాని మీద చూపు నిలిపి, ఖంగుమనే గొంతుతో, "ఇది మా ఆవు" అని మొదలుపెట్టారు. తెల్లని ఆవు దగ్గర చెయ్యి లేచింది. పాలు ఇచ్చును దగ్గర, నేను చెప్పినట్టే, పేజీ తిప్పారు. వెనక నుంచి ముందుకు.

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. పిల్లలందరి ఒళ్లలోనూ అదే వాచకం, మొదటి పేజీ తెరిచి ఉంది. ముందు వరసలో జయమ్మ అనే పిల్ల పక్కపిల్ల చెవిలో ఏదో అన్నది. ఆ పిల్ల నోరు మూసుకుంది. ఆ వరస వరసంతా భుజాలు కదిలాయి. జ్ఞానమణి ఒక చూపు చూసేసరికి అందరూ తలలు దించారు. ఆవిడకు కూడా అప్పుడే అర్థమైందని ఆవిడ ముఖం చూస్తే తెలిసింది.

పక్క కుర్చీలోనే ఇన్స్పెక్టర్. పేజీ అతనికి ఎదురుగా ఉంది. పాఠం అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. అయ్యాక మా ఆయన చేతిలోంచి మెల్లగా పుస్తకం తీసుకుని, మూసి, ముందు అట్ట పైకి వచ్చేటట్టు బల్ల మీద పెట్టాడు. "బహుత్ ఖూబ్, వకీల్ సాబ్" అన్నాడు. తర్వాత జయమ్మను లేపి ఆఖరి పాఠం చదవమన్నాడు. ఆ పిల్ల ఒత్తులన్నీ గడగడా చదివింది. షర్బత్ తాగి, మరేమీ మాట్లాడకుండా ఝట్కా బండి ఎక్కి వెళ్లిపోయాడు.

మా ఆయన ఆ సాయంత్రం ఎంత సంబరంగా ఉన్నారో చెప్పలేను. మొజంజాహీ మార్కెట్‌కు పోయి ముంజలు తెచ్చారు. జ్ఞానమణికి సగం పంపించారు. "చూసినవా, ఎట్ల అప్పజెప్పిన్నో" అని చిన్నపిల్లవాడిలాగా పదిసార్లు అడిగారు. ఆ ముఖం చూస్తూ నేను చెప్పలేకపోయాను.

చెప్పకపోతే ఎట్లా? ఇన్స్పెక్టర్ మహకమాలో నోరు విప్పితే కౌన్సిల్‌లో నిలబెట్టి నవ్వుతారు. ఏమీ తెలియకుండా అందులోకి నడిచిపోతారు. మర్నాడు పొద్దున పత్రిక తెరవకుండా కూర్చున్నాను.

"నిన్న పుస్తకం ఏ దిక్కుకెల్లి తెరిచిన్రు?" అని అడిగాను.

"ఏ దిక్కేంది? పుస్తకం తెరిచినట్టే తెరిచిన." ఎడమచేత్తో గాలిలో అట్ట తిప్పి చూపించారు, ఎడమ నుంచి కుడికి.

నేను వాచకం ఆయన ముందు పెట్టి, ముందు అట్ట తెరిచి, ఆవు పాఠం చూపించాను. తర్వాత దాన్ని తిరగేసి ఒత్తుల పాఠం చూపించాను. ఆయన రెండు పేజీలూ మార్చి మార్చి చూశారు. రెండూ ఆయనకు ఒకటే, అయినా చూశారు. ఆకులో అన్నం అట్లాగే ఉంది. చెంబెత్తి చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఆ తర్వాత వారం రోజులు పత్రిక చదవమని అడగలేదు. మాట కూడా ఉప్పు, నీళ్లు, ఎవరొచ్చారు, అంతవరకే.

కబురు మాత్రం ఆగలేదు. పిల్లలు ఇళ్లకు పోయి చెప్పుకోరా మరి? శ్యామ్‌సుందర్ ఒకరోజు ఎండలో పడి వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఆబిద్‌షాపు చౌరస్తా హోటల్లో వకీళ్లంతా చాయ్ తాగుతూ అదే చెప్పుకుని నవ్వుతున్నారట. వామన్‌రావు చేతిలో పడితే తెలుగు కూడా కుడి నుంచి మొదలవుతుందని. చలికాలంలో వకీళ్లు మళ్లీ మెంబరును ఎన్నుకోవాలి. ఓట్లు వేయాల్సిన వాళ్లు ఆ నవ్వేవాళ్లే.

శ్యామ్‌సుందర్ మంచివాడు. మా ఆయన అంటే ప్రాణం. వాడు చెప్పింది కూడా మంచికే చెప్పాడు. ఒంట్లో బాగా లేదని ఒక దర్ఖాస్తు ఇచ్చి తీర్మానం వాపసు తీసుకుంటే మహకమావాళ్లు సంతోషిస్తారు. ఆ సంతోషంలో బడికి ఇజాజత్ తాను మాట్లాడి ఇప్పిస్తాడు. కౌన్సిల్‌లో ఎవరూ పుస్తకం ఊసెత్తరు. చలికాలానికి అంతా మరిచిపోతారు, సీటూ ఉంటుంది.

"అన్నా, జర ఆలోచించున్రి. తీర్మానం ఎట్లగూ గెలిచేది కాదు. గెలవని దానికోసం ఉన్నది పోగొట్టుకునుడు ఎందుకు?"

మా ఆయన నా వైపు చూశారు. "నువ్వేమంటవు?" అన్నారు. ఉప్పు, నీళ్లు కాకుండా వారం తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లు కౌన్సిల్ కౌన్సిల్ అని తిరిగితే ఆ కౌన్సిల్ ఒక్క పిల్లకు ఒక్క పలక ఇచ్చిందా? మా దివాన్‌ఖానా ఇచ్చింది. "నాకు బడి గావాలె" అన్నాను. "మీ తీర్మానం సంగతి నాకు తెల్వది. నా పిల్లలను నా ఇంట్లకెల్లి ఎల్లగొడితే నేను బతకలేను."

ఆయన తల ఊపారు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. దర్ఖాస్తు రాసుకొస్తానని శ్యామ్‌సుందర్ వెళ్లిపోయాడు.

మర్నాడు బడి మొదలైంది. ప్రార్థన అయిపోయి, పసిపిల్లల వరస చాప మీద కూర్చుంది. అదాలత్‌కు ఎండకాలం సెలవులు. ఆయన లోపలి నుంచి వచ్చారు. పాగా లేదు, షేర్వానీ లేదు, పంచె మీద చొక్కా. వచ్చి, ఆ వరస చివర, ముక్కు తుడుచుకోవడం ఇంకా రాని పిల్లల పక్కన, మోకాళ్లు నొప్పితో మెల్లగా మడిచి కూర్చున్నారు.

పిల్లలు జరిగి చోటిచ్చారు. నేను ఎక్కడున్నదాన్ని అక్కడే ఉండిపోయాను. జ్ఞానమణి ఒక్క క్షణం ఆగింది. తర్వాత అందరికీ ఇచ్చినట్టే ఆయన ముందూ ఒక పలక పెట్టి, దాని మీద అ రాసి, "దిద్దున్రి" అని పక్క పిల్ల దగ్గరికి పోయింది. ఆవిడను నేను ఎంతగానో మెచ్చుకున్న రోజు అది.

ఇక రోజూ అంతే. వకీలు బుద్ధి ఎక్కడికి పోతుంది, మొదట్లో ప్రతి అక్షరంతోనూ వాదించేవారు. థకు ధకు మధ్య ఒక్క చుక్కే తేడా అయితే ఆ చుక్క పెట్టడం మరిచినవాడి గతేమిటని అడిగేవారు. "ఇక్కడ సవాళ్లు లేవు సార్, దిద్దున్రి" అనేది జ్ఞానమణి. పెద్ద మగమనిషి ఆడపిల్లల నడుమ కూర్చోవడమేమిటని ఒకరిద్దరు తల్లులు గొణిగితే, లేచి వెళ్లి గడప అవతల వరండాలో కూర్చుని అక్కడి నుంచే పలక లోపలికి తోసేవారు. వరండాలో కూర్చుంటే గల్లీ అంతా చూస్తుంది. అదే ఆయన వద్దనుకున్నది ఒకప్పుడు. చూడనీ అన్నట్టు కూర్చున్నారు. రాజయ్య అని ఒక పాత క్లయింటు ముకద్దమా కాగితాలు పట్టుకుని వచ్చి, వకీలు గారు పసిపిల్లలతో గొంతు కలిపి క కా అంటుంటే చూసి, మళ్లీ వస్తానని పోయినవాడు మళ్లీ రాలేదు.

శ్యామ్‌సుందర్ దర్ఖాస్తు రాసుకొచ్చిన రోజున ఆయన సంతకం చేయలేదు. నాతో మాత్రం ఇట్లా అన్నారు: "నీ బడి మూసేస్తే నా పాపమే. ఔ, ఒప్పుకుంట. కని నేను గాడ లేచి మాట్లాడకపోతే నీ ముప్ఫై మంది పిల్లలకే చదువు. నాలాంటోళ్లు ఇంకా ఎంతమంది తయారైతరో చూడు."

నాకు నచ్చలేదు. ఆ రోజు ఆయనకు అన్నం వడ్డించమని కిష్టవ్వకు చెప్పి నేను లోపల పడుకున్నాను. కాని ఆయన అన్నది అబద్ధమని అనలేకపోయాను.

కౌన్సిల్ రోజున ఆయన వెంట శ్యామ్‌సుందర్ వెళ్లాడు. బాగేఆం తోట పక్క నుంచి నడిచే పోయారు. ఏం జరిగిందో వాడు సాయంత్రం వచ్చి చెబితేనే నాకు తెలిసింది. ఆయన చెప్పరు గదా.

తీర్మానం చదవగానే ఒక జాగీర్దారు మెంబరు లేచాడట. ఎంతో మర్యాదగా, మెంబర్ సాబ్ తెలుగు మీద ఇంత ప్రేమ చూపుతున్నారు, మాకోసం ఆ భాషలో రెండు వాక్యాలు చదివి వినిపించాలని మనవి అంటూ, ఒక మొదటి వాచకం బల్ల మీద పెట్టించాడట. వెనక అట్ట పైకి పెట్టి. హాలంతా నవ్వు. అధ్యక్షులు కూడా నవ్వు ఆపుకుంటున్నారట.

మా ఆయన పుస్తకం తీసుకున్నారు. తిరగేసి ముందు అట్ట పైకి తెచ్చుకున్నారు. తెరిచి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, ఆవు పాఠంలో రెండు వాక్యాలు చదివారు. ఈసారి చెయ్యి లేవలేదు, గొంతు లేవలేదు. నవ్వు ఇంకా పెరిగిందట. అది తగ్గేదాకా ఆగి ఉర్దూలో అన్నారు:

"ఇంతవరకే వచ్చు. ఒత్తులు ఇంకా రాలేదు. సర్కారు బడుల్లో చదివాను, ఫార్సీలో మొదటివాణ్ని అయ్యాను, వకాలత్ చేస్తున్నాను. నా తల్లి మాట్లాడిన భాషలో అ ఆలు మొన్న మొన్ననే ఆడపిల్లల పక్కన కూర్చుని దిద్దుకున్నాను. మీరు నవ్వడం న్యాయమే. ఇన్నేళ్లు ఈ ముకద్దమాలో నేను వకీల్ని అనుకున్నాను. కాదు, నేను గవాను. నన్ను చూసి తీర్పు చెప్పండి."

గవా అంటే సాక్షి. వకీళ్ల నోట్లో రోజూ నలిగే మాటే. అది చెబుతూ శ్యామ్‌సుందర్ పైకండువాతో ముఖం తుడుచుకున్నాడు. అయినా తీర్మానం ఓడిపోయింది. చేతులెత్తిన వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లలో ఎవరూ ఊహించని ముసలి నవాబు ఒకాయన ఉన్నాడట, అంతే.

మా ఆయన వాడి వెనకే నెమ్మదిగా వచ్చి, చెంబు పీట పక్కన పెట్టి, "రేపటికి పాఠం ఏంది?" అని అడిగారు. నేను ఏడ్చాను. ఎందుకంటే చెప్పలేను. బడి పోయిందనే అనుకున్నాను, ఆయన మీద కోపం మాత్రం ఎక్కడ వెతికినా దొరకలేదు.

బడి పోలేదు. తొలకరి పడ్డ వారంలో ఇజాజత్ వచ్చింది. ఖుర్షీద్ అలీ గారే వచ్చి ఇచ్చి వెళ్లారు. మహకమాలో పైవాళ్లు ఆయన్ను పిలిచి, ఆ రోజు మెంబరు పుస్తకం తిరగేసి పట్టుకున్న మాట నిజమేనా, రాసివ్వు అని అడిగారట. "నేను పోయింది పిల్లల చదువు చూసెటందుకు. పిల్లలు మంచిగ చదివిన్రు. మెంబర్ల చదువు చూసే నౌకరీ నాది కాదన్న" అని చెప్పి గడ్డంలో నవ్వాడు. నేను ఆ పెద్దాయన కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగాడు.

చలికాలంలో వకీళ్లు వేరే అతన్ని ఎన్నుకున్నారు. సాక్షి చెప్పినవాణ్ని ఇష్టపడ్డారు గాని, తమకూ తెలుగు చదవడం రాదన్న సంగతి కూడా చెప్పేశాడని వాళ్లకు మనసులో గుచ్చుకుంది. అట్లా మా ఆయన మెంబరీ ముగిసింది. ఆ తర్వాత ఇంటికి వచ్చేవాళ్లు ఆయన్ను మెంబర్ సాబ్ అనడం మానేసి పంతులు గారూ అనడం మొదలుపెట్టారు. ఆయనకు అదే ఇష్టంగా ఉండేది.

కాని ఆ ఎండకాలం అనగానే నాకు గుర్తొచ్చేది కౌన్సిలూ కాదు, ఇజాజతూ కాదు. ఇజాజత్ వచ్చిన తర్వాత ఒక పొద్దున, బయట సన్నగా వాన. ఒత్తులు అయిపోయాయి, ఆయన పత్రిక పెద్ద అక్షరాలు తానే కూడబలుక్కుంటున్నారు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చదువు ఆగిపోయింది. పెద్ద మాట ఏదో అడ్డుపడిందనుకున్నాను. ఎంతసేపటికీ చప్పుడు లేకపోయేసరికి వచ్చి చూశాను.

చెంబు చేతుల్లో పట్టుకుని కిటికీ వెలుగులో తిప్పుతున్నారు. మెడ కింది చుక్కల అక్షరాల మీద వేలు మెల్లగా నడుస్తోంది, ఎడమ నుంచి కుడికి.

"వా... మ... నుకు" అన్నారు. ఆగారు. "అమ్మ." మళ్లీ ఆగారు. ఒత్తులున్న మాట దగ్గర పెదవులు కదిలాయి గాని గొంతు రాలేదు. నేనూ అందించలేదు. "లక్ష్మీ... నర్సమ్మ."

వాన చప్పుడు వినబడుతోంది.

"ఇది నీకు తెలుసా?" అని అడిగారు.

"తెలుసు. రోజు తోముతున్న గద. మీకు తెల్వదా?"

"దుకాణమాయన పేరు అనుకున్న." చెంబు మీది నుంచి చూపు తీయలేదు. "మా అమ్మకు ఒక్క అక్షరం రాదు. ఎవరితోని చెక్కించిందో. బండి ఎక్కేటప్పుడు చేతిల పెట్టి, సదువుకోను పోతున్నవు బిడ్డా, ఇది పోగొట్టకు అన్నది. ఇత్తడి ధర గద, అందుకంటున్నదనుకున్న. మళ్లేడు నేను ఊరికి పోయేటాల్లకు అమ్మ లేదు."

నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి దివాన్‌ఖానాలో పిల్లలు వచ్చిన సందడి మొదలైంది. జ్ఞానమణి ప్రార్థనకు పిలుస్తోంది. ఆయన లేచి, చెంబు నా చేతికిచ్చారు.

"ఇగ నుంచి చింతపండుతోని ఎక్కువ రుద్దకు" అన్నారు. "అక్షరాలు అరుగుతున్నయి."